నా ఎడమకాలు, లీలమ్మగారి సామి

పుదుచ్చేరి, ఇందిరా నగర్,
27 జనవరి 2025.

చిరంజీవి వెన్నెలకు,

నిన్న ఫోనులో నీతో మోకాలి నొప్పి అన్నాను. అది నిజం కాదు. అబద్ధాన్ని ఒక రాత్రికి మించి ఇంట్లో ఉంచుకోవడం నాకు అలవాటు లేదు. అందుకని కాఫీ తాగగానే కూర్చుని ఇది రాస్తున్నాను. మళ్లీ ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు నువ్వు మూడు ప్రశ్నలు వేస్తావు. ఉత్తరంలో నీకు ఆ వీలు లేదు.

సంగతి ఇది. నా ఎడమకాలు ముందుకు పడడం లేదు. నొప్పి లేదు, వాపు లేదు. పదహారో తారీకున మన వీధిలో నీళ్ల ట్యాంకరు పైపు ఊడి రోడ్డంతా తడిసింది. నేను పాలు తీసుకుని వస్తున్నాను. గేటు ఎదురుగానే ఉంది. కాలు ఎత్తబోతే అది నాది కానట్టు, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఉండిపోయింది. పై వాటా సుగంధి వచ్చి పట్టుకుని లోపలికి తెచ్చింది.

ఎక్స్‌రే తీశారు, వెన్నుకు, తలకు స్కాన్ తీశారు. అన్నీ బాగున్నాయన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. కారణం లేని ఫలితాన్ని నేను ఒప్పుకోను. చివరికి నరాల డాక్టరు దగ్గరికి పంపారు. పేరు అభినయ. నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లట. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు.

నన్ను పడుకోబెట్టి, "ఎడమ మడమతో మంచాన్ని నొక్కండి పాటీ" అంది. ఇక్కడ ముసలివాళ్లందరూ పాటీలే. నొక్కలేకపోయాను. "సరి, దాన్ని వదిలేయండి. కుడికాలు పైకెత్తండి, నేను అడ్డం పట్టుకుంటా" అంది. ఎత్తాను. ఆమె రెండో చెయ్యి నా ఎడమ మడమ కింద ఉంది. "ఇప్పుడు చూడండి, నా చెయ్యి నలిగిపోతా ఉండాది" అని నవ్వింది. నిజమే. పనికిరాదనుకున్న కాలు నేను చూడనప్పుడు పనిచేస్తోంది.

తరవాత వెనక్కి నడవమంది. నడిచాను. గది దాటి వరండాలోకి కూడా నడిచాను. బెంచీల మీద ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

"అంటే నేను నటిస్తున్నానంటారా?" అని అడిగాను.

"లేదు పాటీ. నటించేవాళ్లకి ఇంత కోపం రాదు. బస్సు బాగుంది, రోడ్డు బాగుంది. డ్రైవరే స్టీరింగు మీద చెయ్యి పెట్టి అట్లే ఉండిపోయినాడు. మనసు తట్టుకోలేనిదాన్ని పక్కన పెట్టేస్తుంది. అది ఒక్కోసారి ఒంట్లో ఏదో ఒక చోట తేలుతుంది. మీ జబ్బు నిజం. బాగవుతుందనేదీ నిజం. ఈ మధ్య ఏమైనా జరిగిందా?"

ఏమీ జరగలేదని చెప్పాను.

ఈ సంగతి భువనేశ్ వాళ్లకు తెలియకూడదు. ఆ అబ్బాయి మంచివాడే. కానీ ఆ ఇంట్లో లీలమ్మగారి మాట దాటి గడప కూడా కదలదు. నాయనమ్మ అంటే అలా ఉండాలి, అది వేరే విషయం. నీ నిశ్చితార్థాన్ని ఆవిడ ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. పిల్ల అమ్మమ్మకు మనసు జబ్బు అని వింటే మూడోసారి వాయిదా ఉండదు, సంబంధమే ఉండదు.

ప్రస్తుతం ఇంట్లో వెనక్కి నడుస్తున్నాను. వంటగది గుమ్మం దగ్గర నీ పాత అద్దం తగిలించాను, వెనకేముందో కనపడేందుకు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ.


యానాం,
3 ఫిబ్రవరి 2025.

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. నువ్వు వెనక్కి నడుస్తుంటే రోగులు కాళ్లు ముడుచుకున్నారన్న చోట నవ్వు ఆగక ట్రాన్స్‌ఫార్మర్ల లెక్క తప్పాను. మా ఏఈ గారు కళ్లజోడు పైనుంచి చూశారు. ఇంట్లో అద్దం పెట్టుకున్నావు సరే, రివర్సులో వచ్చేటప్పుడు హారను కూడా కొడుతున్నావా?

ఇప్పుడు నవ్వు ఆపి అడుగుతున్నాను. డాక్టరుతో ఏమీ జరగలేదని ఎలా చెప్పావు? నవంబరు ఆఖరున తుఫానులో మన ఇల్లు మునిగింది. నిన్ను పడవలో బయటికి తెచ్చారు. ఆ రోజు నేను ఇక్కడ సబ్‌స్టేషనులో కూర్చుని నీ ఫోనుకి చేస్తూనే ఉన్నాను. అది మోగలేదు. చివరికి ఎవరి ఫోను నుంచో నువ్వు చేసి చెప్పింది ఇది: "పడవ బాగుంది. రేషన్ కార్డు తడవలేదు." అంతే. విహారానికి వెళ్లొచ్చినట్టు. నాన్న నీ ధైర్యానికి మురిసిపోయాడు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. చక్కెర అరకిలోకి రెండు గ్రాములు తగ్గితే కొట్టువాడితో వాదించే మనిషివి, అంత పెద్ద వరదకు రెండు వాక్యాలేనా?

ఏం జరిగిందో చెప్పు. డాక్టరుకి కాకపోతే నాకు.

ఇంకో మాట. వెనక్కి నడవగలిగితే కోలాటం ఆడగలవేమో. అందులో ముందడుగూ వెనకడుగూ కలిసే ఉంటాయి కదా. నువ్వు ఇక్కడ బడిలో పిల్లలకు నేర్పినదే. డాక్టరుని అడిగి చూడు.

నీ
వెన్నెల.


పుదుచ్చేరి, ఇందిరా నగర్,
17 ఫిబ్రవరి 2025.

చి. వెన్నెలకు,

నువ్వు చెప్పిన ఉపాయం పనిచేసింది. పనిచేసినందువల్లే ఇప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. వరుసగా చెబుతాను.

డాక్టరు అభినయ కోలాటం అనగానే బల్ల మీద చెయ్యి చరిచి, "ఇది నాకు తట్టలేదు పాటీ" అంది. తాళం వెంట పడితే కాలు తన గురించి తాను ఆలోచించుకోవడం మానేస్తుందట. ఇంటికి వచ్చి చూశాను. కోలలు లేవు కాబట్టి అప్పడాల కర్ర ఒక చేత, పప్పుగుత్తి ఒక చేత పట్టుకున్నాను. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి, దెబ్బ. కాలు కదిలింది. వెన్నెలా, నాకు డెబ్బై మూడు. వంటగదిలో ఒక్కదాన్నే నిలబడి నవ్వాను.

మొన్న శుక్రవారం తలంటుకుని, జుట్టు ఆరబోసుకుని, వీధి చివరిదాకా కోలాటం అడుగులతోనే వెళ్లి వద్దామని బయలుదేరాను. వచ్చేటప్పుడు చూస్తే ట్యాంకరు మళ్లీ వచ్చింది. మళ్లీ రోడ్డు తడి. ఆగితే కాలు బిగిసిపోతుందని ఇంకా గట్టిగా తాళం చెబుతూ, కళ్లు ఎదురుగా నిలిపి, కర్రా గుత్తీ కొట్టుకుంటూ వస్తున్నాను. సరిగ్గా అప్పుడు ఆటో దిగింది లీలమ్మగారు. చేతిలో వాళ్ల తోటలో కాసిన గుమ్మడికాయ.

ఆవిడకు కనపడింది ఏమిటో ఆలోచించు. విరబోసిన జుట్టు. కాళ్లకు పసుపు. రెండు చేతుల్లో ఆయుధాలు. రెప్ప వెయ్యని చూపు.

గుమ్మడికాయ కింద పెట్టి, తడి రోడ్డు మీద సాష్టాంగపడింది. "తల్లీ, వచ్చినావా. మా ఇంటి పెండ్లి కోసరమే వచ్చినావా."

"లీలమ్మగారూ, లేవండి. రోడ్డు తడిగా ఉంది."

"తడిస్తే ఏంది తల్లీ. ఒక్క మాట చెప్పు. ఈ సంబంధం చేసుకోవచ్చునా?"

"చేసుకోండి. ముందు లేవండి."

అంతే. ఆవిడకు జవాబు దొరికింది. లేచి, నా అప్పడాల కర్రను కళ్లకద్దుకుని, గుమ్మడికాయను మన గేటు ముందు పగలగొట్టి దిష్టి తీసి, అదే ఆటోలో వెళ్లిపోయింది. సాంబారు కూడా పోయింది.

మర్నాడు పూలూ పళ్లూ తీసుకుని మళ్లీ వచ్చింది. నేను నిజం చెప్పబోతే, "సామి గురించి మనిషి మాట్లాడకూడదు" అని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటిదాకా నన్ను వదినా అనేది. ఇప్పుడు తల్లీ అంటోంది. నిశ్చితార్థానికి రోజు కూడా చూపిస్తోంది. ఉత్తరం రాద్దామంటే ఆవిడకు తెలుగు చదవడం రాదు.

వరద గురించి నువ్వు అడిగినదానికి జవాబు ఇంకా లేదు. రాయబోతే కాలు ఆగినట్టే కలం ఆగుతోంది.

అమ్మమ్మ.


యానాం,
24 ఫిబ్రవరి 2025.

అమ్మమ్మా,

మొదట చాలా నవ్వాను. అమ్మ వచ్చి ఏమైందని అడిగితే చెప్పలేక బాత్రూములోకి పోయి నవ్వాను. తరవాత ఏడ్చాను. ఆ రెండోది కూడా అయిపోయాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

దయచేసి ఆవిడకు నిజం చెప్పకు.

నాలుగేళ్లుగా నేనూ భువనేశ్ ఎదురుచూస్తున్నాం. వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు, మా నాన్న ఒప్పుకున్నాడు. ఆవిడే ప్రతిసారీ, యానాం వాళ్లు ఉద్యోగాలోళ్లు, మనం సేద్యగాళ్లం, పిల్ల ఈడ నిలబడతాదా అని ఆపింది. ఇప్పుడు నీ ఒక్క మాటతో ఆపడం మానేసింది. ఆవిడకు సంతోషం, నాకు సంతోషం. నువ్వు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. పెళ్లి అయ్యేదాకా అలా ఉండనీ. ఆ తరవాత నేనే కూర్చోబెట్టి చెబుతాను. భువనేశ్‌కి కూడా నేను ఇంకా చెప్పలేదు.

నీ దగ్గర ఉండి చదువుకున్నదాన్ని, నిన్ను అబద్ధం ఆడమంటున్నాను. నాకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

వెన్నెల.


కిరుమాంబాక్కం,
3 మార్చి 2025.

తల్లికి లీలమ్మ దండం పెట్టి చెప్పేది.

వచ్చే శుక్రవారం నువ్వు మా ఇంటికి రావాల. నీ కాలు మా ఇంట్లో పడాల. మావాళ్లు అందరూ వస్తా ఉండారు. మా చిన్నాయన కొడుకు విజయరంగన్ కొత్త బోరు యాడ వేయాలో నిన్ను అడగాలంట. నువ్వు వేలు చూపిస్తే ఆడనే తవ్విస్తాడంట, లోను కూడా ఎత్తేసినాడు. పక్కింటి మునియన్ ఆవు చూలు నిలవలేదు, దానికీ ఒక మాట చెప్పాల. తొమ్మిదింటికి ఆటో పంపిస్తా. ఆ అప్పడాల కర్ర మరిచిపోవద్దు.

(అమ్మమ్మగారూ, అవ్వ చెప్పింది చెప్పినట్టే రాశాను. నేను తెలుగులో రాసిన మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే వెన్నెలను తిట్టండి, అక్షరాలు నేర్పింది తనే. మీకు సామి రావడం గురించి వెన్నెలను అడిగితే మాట మారుస్తోంది. మీ ఆరోగ్యం బాగుందా? — భువనేశ్.)


పుదుచ్చేరి, ఇందిరా నగర్,
8 మార్చి 2025.

చి. వెన్నెలకు,

నీ మాట వినలేదు. విందామనే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక వారం రోజులు నోరు కట్టుకున్నాను. కానీ విజయరంగన్ లోను తీసుకుని, నేను వేలు చూపిన చోట బోరు వేస్తానంటున్నాడు. నీళ్లు పడకపోతే ఆ మనిషి ఏమైపోతాడు? అన్యాయం ఎవరికీ లేదన్నావు. అది వరసలో నిలబడి ఎదురుచూస్తోంది.

నిన్న వెళ్లాను. ఆటో కడలూరు రోడ్డు మీద దింపింది. అక్కడినుంచి వాళ్ల ఇంటికి పొలం మధ్య కాలిబాట. తాళం వేసుకుంటూ బాగానే నడిచాను. ఇంటి ముందుకు వచ్చేసరికి మోటారు కాలవ పొంగి, బాట అడ్డంగా నీళ్లు పారుతున్నాయి. అవతల గట్టు మీద వాళ్ల బంధువులందరూ పసుపునీళ్లతో, వేపమండలతో నిలబడి ఉన్నారు. భువనేశ్ చేతిలో హారతి పళ్లెం.

నేను నీళ్లలో దిగాను. మధ్యలో కాలు ఆగిపోయింది.

కాలు మాత్రమే కాదు. చప్పుళ్లు దూరమైపోయాయి. చేతులు ఎవరివో అనిపించాయి. పైనుంచి ఎక్కడినుంచో చూస్తున్నట్టుగా, ఎవరో ముసలావిడ నీళ్లలో నిలబడి ఉంది, పాపం అనుకున్నాను. అనుకోగానే తెలిసింది. ఈ మాట నేను ముందు కూడా అనుకున్నాను. నవంబరులో.

గట్టు మీద ఎవరో, "వచ్చేసింది, సామి వచ్చేసింది" అన్నారు.

ఇలాంటప్పుడు నేనెవరో, ఎక్కడున్నానో, ఒంటికి ఏం తగులుతోందో పైకి చెప్పుకోమని డాక్టరు నేర్పింది. చెప్పాను. "నేను నాగకుమారిని. ఇది కిరుమాంబాక్కం. ఇవి మోటారు నీళ్లు. చీలమండ దాకానే ఉన్నాయి. చల్లగా ఉన్నాయి." నా గొంతు నీకు తెలుసు కదా. తరగతి ఆఖరి బెంచీకి వినపడే గొంతు. సామి పేరు చెబుతోందనుకుని ఒకడు కర్పూరం వెలిగించాడు.

"ఆర్పండి అది" అన్నాను. "నేను సామిని కాను. నాకు భయం వేస్తోంది."

లీలమ్మగారు గట్టు అంచుకు వచ్చింది. "ఏంది తల్లీ, సామికి భయమేంది?"

అప్పుడు చెప్పాను, వెన్నెలా. నీకు రాయలేనిది పాతికమంది ఎదుట, నీళ్లలో నిలబడి చెప్పాను. తుఫాను రోజు నీళ్లు మంచం ఎక్కాయి. స్టూలు మీద నిలబడి కిటికీ చువ్వలు పట్టుకున్నాను. స్టూలు తేలి వెళ్లిపోయింది. ఎడమకాలు కిటికీ చువ్వల మధ్య ఇరికించి, కదలకు, కదిలావంటే ఇద్దరం పోతాం అని దానికి చెప్పాను. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. ఆ సమయం నా దగ్గర లేదు. పడవవాళ్లు నన్ను ఎత్తుకుంటుంటే, ఎవరో ముసలావిడను తీసుకెళుతున్నారు, పాపం అనుకున్నాను. ఆ ముసలావిడకు ఏమైందని మూడు నెలలుగా నేను అడగనే లేదు.

వాళ్లకు చెప్పనిది, నీకు మాత్రం చెప్పేది ఒకటుంది. ఆ నీళ్లలో నిన్ను పిలిచాను. నువ్వు యానాంలో ఉన్నావని తెలుసు. అయినా పేరు పెట్టి చాలాసార్లు పిలిచాను.

లీలమ్మగారు చేతిలోని వేపమండ కింద పెట్టింది. తరవాత, "అంతసేపూ ఒక్కదానివేనా?" అంది.

"ఒక్కదాన్నే."

చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. "అయితే నువ్వు సామి కాదు."

"కాదు. డాక్టరు దగ్గర మందు తీసుకుంటున్న మనిషిని. మనసులో తట్టుకోలేనిది కాలులో చేరింది. మీరు చూసింది కోలాటం."

"మరి నేను రోడ్డు మీద పడి మొక్కినానే, దాని సంగతేంది? అది వాపసు ఇయ్యి."

"మీరు నాకంటే రెండేళ్లు చిన్న. నేను మొక్కితే మీకు ఆయుక్షీణం."

ఆవిడ ఆలోచించింది. "అదీ నిజమే. అయితే బదులు ఇంకేమన్నా ఇయ్యి."

"కోలాటం నేర్పుతాను."

"నాకా? ఈ మోకాళ్లతోనా?"

"నేను ఒక కాలితో ఆడుతున్నాను. మీకు రెండున్నాయి."

గట్టు మీద ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అసలు ప్రశ్న మిగిలే ఉంది. "మరి పిల్లల పెళ్లి?" అని అడిగాను. భువనేశ్ చేతిలో పళ్లెం వంగి పసుపునీళ్లు అతని ప్యాంటు మీద పడుతున్నాయి, చూసుకోలేదు.

"సామి చెప్పిందని సరే అంటిని. సామి లేదని నువ్వే అంటివి. ఇంక నేనే చెప్పాల." తడిసిన కొంగు పిండుకుంది. "నిజం చెప్తా ఉండా. ఈ మూడు వారాలూ నాకు నిద్దర లేదు. సామి ఇంటితో వియ్యం ఎట్లా అందుకునేది? కూరలో ఉప్పు ఎక్కువైతే కన్ను తెరుస్తాదేమోనని భయం. ఒక మాట అనేదానికి లేదు, పడేదానికి లేదు. మనిషివైతే మేలు గదా వదినా. తిట్టుకోవచ్చు."

వదినా అంది. నేను విన్నాను.

"మా పెద్దోడు పుట్టి పోయినప్పుడు," అని ఇంకొంచెం నెమ్మదిగా అంది, "మూడు నెలలు ఈ చెయ్యి లేవలా. ఎవురూ ఏందని అడగలా. సరి, పద. నీళ్లలో ఎంతసేపని నిలబడేది. ఈ పెండ్లి నాకు నచ్చి చేస్తా ఉండా, ఎవురో చెప్పినారని కాదు."

నా ముందు వెనక్కి నడుస్తూ ఆవిడ చేతులు చరిచింది. తాళం ఘోరంగా తప్పింది. ఆ తప్పు తాళానికే నా కాలు కదిలింది. గట్టెక్కాం. విజయరంగన్ మాత్రం కొంచెం దిగులుగా, "అయితే బోరు యాడ వేసేది?" అన్నాడు. మునియన్ ఆవు గురించి పశువుల డాక్టరు ఉన్నాడని చెప్పాను. తరవాత అందరం కలిసి భోంచేశాం. కూరలో ఉప్పు ఎక్కువైంది. చెప్పాను. ఆవిడ నాలుగు మాటలు అంది. ఇంత హాయిగా అన్నం తిని చాలా రోజులైంది.

ఈ ఉదయం డాక్టరుకి ఫోను చేసి అంతా చెప్పాను. ఆ రోజు కదలకు అని చెప్పిన మాటను ఈ కాలు ఇంకా వింటోందేమో అన్నాను. "అయ్యుండొచ్చు పాటీ. కానీ ఇది మీ లెక్కల మాదిరి అంత సూటిగా తేలదు. ఇంకా కొన్నిసార్లు ఆగుతుంది. ఆగితే భయపడొద్దు" అంది. నిజమే, ఇవాళ పెరట్లో ఒకసారి ఆగింది. ఇక చాలు, నువ్వు కదలొచ్చు అని చెప్పి, కాసేపు నిలబడి, వచ్చేశాను.

ఆశీస్సులతో,
నీ అమ్మమ్మ,
నాగకుమారి.

ఇక జరగవలసినవి:

1. నిశ్చితార్థం ఈ నెల 23, ఆదివారం. సెలవు ఇప్పుడే పెట్టు. మీ ఏఈ గారితో నా పేరు చెప్పు, మూడో తరగతిలో ఆయనకు ఎక్కాలు నేర్పింది నేనే.

2. మీ అమ్మానాన్నలకు జరిగింది జరిగినట్టు చెప్పు. మోకాలి నొప్పి అనకు.

3. "ఇది వెన్నెలకు ముందే తెలుసా?" అని భువనేశ్ నన్ను అడిగాడు. నిన్నే అడగమన్నాను. అతను అడిగేలోపు నువ్వే చెప్పు.

4. భూగర్భ జలాల ఆఫీసులో ఎవరిని కలవాలో కనుక్కుని విజయరంగన్‌కి చెప్పు. ఆ మనిషి ఇంకా నా వేలు వంక చూస్తున్నాడు.

5. లీలమ్మగారు వచ్చే మంగళవారం నుంచి కోలాటానికి వస్తారు. యానాం నుంచి రెండు జతల కోలలు తీసుకురా. అప్పడాల కర్ర నాకు వంటకు కావాలి.

6. డాక్టరు దగ్గర వరద సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాలట. ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన కూర్చోవచ్చట. వచ్చినప్పుడు నువ్వు కూర్చో. మధ్యలో ప్రశ్నలు వెయ్యకు.

7. ఈసారి వానాకాలంలో మొదటి వాన పడిన రోజు నేను నిన్ను పిలుస్తాను. ఎక్కడున్నా ఫోను తియ్యి.